పాత ల్యాప్‌టాపుల నాడి

మన కళాశాల కంప్యూటరు గదిలో గోడవారగా నున్న ఇనుప బీరువాలో పాత ల్యాప్‌టాపులు కొన్ని పడియున్నవి. వాటిని గూర్చి విద్యార్థుల నోటను, అధ్యాపకుల నోటను వినవచ్చు మాట యొక్కటే: అవి తెరచుకొనుటకు యుగము పట్టును. ఈ మాటను ఆధారముగా చేసికొని వాటిని తూకమునకు అమ్మి క్రొత్తవి కొనవలెనను ఆలోచన కళాశాల కమిటీవారి యెదుట నున్నదని విన్నాము. ఆలోచన సదుద్దేశముతో పుట్టినదే. కాని అది తొందరపాటని మా యభిప్రాయము. యంత్రము ఎంత ఆలస్యము చేయుచున్నది, ఆ ఆలస్యము ఏ ఘట్టమున జరుగుచున్నది అను రెండు ప్రశ్నలకు అంకెలతో సమాధానము వ్రాసి యుంచకముందే దేనిని కూడ పనికిరానిదని తీర్మానింపరాదు.

తెలుగు పాఠము చెప్పువారికి ఈ గొడవ యెందుకని కొందరు నవ్వవచ్చును. ప్రశ్నపత్రములు, హాజరు పట్టికలు, ఈ సంచికలోని వ్యాసములు సైతము నేడు కంప్యూటరు మీదనే తయారగుచున్నవి. ఏబది నిమిషముల పీరియడులో నాలుగు నిమిషములు నల్లని తెరను చూచుచు కూర్చున్న విద్యార్థికి ఆ మేరకు చదువు పోయినట్లే గదా! ఆసిఫాబాదు నుండియో, ఉట్నూరు నుండియో వచ్చి హాస్టలులో నుండి చదువుకొను పిల్లవానికి ఇంటివద్ద వేరొక కంప్యూటరు లేదు. కళాశాలలో ముట్టుకొన్నదే వానికి కంప్యూటరు.

ఈ ప్రశ్న ఇప్పుడే తలయెత్తుటకు కారణము కలదు. 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్‌వారి సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 వేసికొనవలెనన్న టీపీఎం 2.0 అను భద్రతా భాగమును, కొంత నూతనమైన ప్రాసెసరును ఉండవలెనని నియమము. పాత ల్యాప్‌టాపులలో పెక్కింటికి ఆ యోగ్యత లేదు. అట్టివాటిని బ్రతికించుకొనుటకు మిగిలిన మంచి మార్గము లినక్సు. హెల్సింకి విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీని కెర్నెలును వెలువరించెను. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ పనిముట్లు దానితో జతకూడినవి. దీనిని పంచుకొనవచ్చును, లోపల నేమున్నదో చదువవచ్చును, మార్చుకొనవచ్చును. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ సంస్థవారు దీనిని తెలుగులో తీర్చి మన ముందుంచిరి. నస్తలీఖు లిపిలో ఉర్దూను, పోతన అక్షరములతో తెలుగును ఒకే పుటపై నిలుపుటకు పైసా ఖర్చు లేదు. రెండు భాషల సంచికను వెలువరించు మనవంటి కళాశాలకు ఇది చిన్న సౌకర్యము కాదు.

మన బీరువాలోని యంత్రములలో లినక్సు వేసియే యున్నది. అయినను తెరచుకొనుట ఆలస్యమే. కనుక లినక్సు కూడ మంచిది కాదని ఒక వర్గమువారు, యంత్రమే ముసలిదైనదని మరియొక వర్గమువారు వాదించుచున్నారు. ఆడలేనివాడు మద్దెల ఓడన్నట్లు, ఈ రెండు వాదములును కారణమును వెదకు శ్రమను తప్పించుకొనుచున్నవి. ఉర్దూ చదువరులకు హకీము నబ్జు చూచు విధము తెలిసినదే. చేయి పట్టుకొని నాడి చూడకయే ఖమీరా వ్రాసి యిచ్చు హకీమును ఎవరు నమ్ముదురు? లినక్సు యంత్రమునకు నాడి కలదు. దానిని చూచు పద్ధతి ఇంటరు విద్యార్థికి ఒక్క సాయంకాలమున నేర్పవచ్చును.

ముందుగా యంత్రము మేలుకొను క్రమమును తెలిసికొనవలెను. ప్రొద్దుట మన కళాశాల తెరచుకొను విధమును తలచుకొనుడు. కావలివాడు గేటు తీసి ఆవరణ అంతయు ఒకసారి చుట్టి వచ్చును. ఇది యంత్రములోని బయోసు చేయు పని. ఏ తాళపుచెవుల గుత్తి తీయవలెనో నిర్ణయించుట గ్రబ్ అను చిన్న ప్రోగ్రాము పని. పిదప ప్రిన్సిపాలుగారి వంటి కెర్నెలు వచ్చి డిస్కును, తెరను, కీబోర్డును తన అధీనమునకు తెచ్చుకొనును. అటుపిమ్మట హెడ్ గుమాస్తా అటెండర్లను గదిగదికి పంపును. ఒకడు గ్రంథాలయము తెరచును, ఒకడు నీళ్ల మోటారు వేయును, ఒకడు ప్రయోగశాల తాళము తీయును. అందరి పనియు ముగిసినపుడు గంట మ్రోగును. మనకు లాగిన్ తెర కనబడుట ఆ గంట వంటిది. నేటి లినక్సులలో పెక్కింటియందు ఈ హెడ్ గుమాస్తా పేరు సిస్టమ్‌డీ. లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ అను ఇద్దరు దీనిని 2010లో వెలువరించిరి. 2011లో ఫెడోరా 15, 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04 దీనిని స్వీకరించినవి. పాత పద్ధతిలో అటెండర్లు ఒకరి తరువాత ఒకరు బయలుదేరెడివారు. సిస్టమ్‌డీ వచ్చిన పిదప వీలైనంతవరకు అందరును ఒక్కసారే బయలుదేరుచున్నారు. అంతకన్న మేలైన గుణము దీనికి వేరొకటి కలదు. ఎవరు ఎప్పుడు బయలుదేరిరో, ఎప్పుడు పని ముగించిరో ఇది లెక్క వ్రాసి యుంచును.

ఆ లెక్కను చూపు ఆజ్ఞ సిస్టమ్‌డీ-అనలైజ్. టెర్మినలు తెరచి ఈ మాట టైపు చేసినంతనే కెర్నెలుకు ఇన్ని సెకన్లు, తరువాతి సేవలకు ఇన్ని సెకన్లు అని ఒక్క పంక్తిలో వచ్చును. కొన్ని క్రొత్త యంత్రములందు బయోసు కాలము కూడ కనబడును. పాతవాటిలో అది రాదు గనుక చేతి గడియారముతో చూచుకొనవలెను. దీని చివర బ్లేమ్ అను మాటను చేర్చినచో ఏ సేవకు ఎంత కాలము పట్టినదో పెద్దది మొదలుగా చిన్నది చివరగా పట్టిక వచ్చును. పేరునకు తగినట్లు నింద మోపు పట్టికయే అది.

మా తెలుగు విభాగమున నున్న ల్యాప్‌టాపు సంగతి ఇచ్చట చెప్పుట అవసరము. పట్టణములోని ఒక మరమ్మతు దుకాణమువారు దానిని చూచి, మదర్‌బోర్డు పోవుచున్నది, పారవేయుడని సలహా ఇచ్చిరి. వారు చూచినది రెండు నిమిషములు. అది మేలుకొనుటకు పట్టునది మూడు నిమిషములు! మేము ఆజ్ఞను ఇచ్చి చూడగా కెర్నెలుకు 37 సెకన్లు, సేవలకు 2 నిమిషముల 19 సెకన్లు అని వచ్చినది. కెర్నెలుకు 37 సెకన్లనుట అనుమానింపదగిన అంకె. ప్రాసెసరు ఎంత మందమైనదైనను దానికి అంత పని లేదు. ప్రారంభమున రంగుల బొమ్మను చూపి వెనుకటి సందేశములను దాచు క్వైట్, స్ప్లాష్ అను రెండు మాటలను గ్రబ్ నుండి తొలగించి మరల తెరిపించితిమి. పల్లకి తెర తొలగినట్లు లోపలి వ్యవహారమంతయు కనబడినది. (ఈ గుండ్రముగా తిరుగు చుక్కల బొమ్మలు విద్యార్థులకు మేలు చేయుటలేదని మా దృఢాభిప్రాయము. పని జరుగుచున్నదో, ఎవరికొరకైన ఎదురుచూచుట జరుగుచున్నదో అవి తెలియనీయవు.)

కనబడినది ఇది. ఆ ల్యాప్‌టాపులో పూర్వము ఎవరో రెండవ లినక్సును కూడ వేసి చూచిరి. అట్లు వేయునపుడు స్వాపు అను భాగమును, అనగా ర్యామ్ చాలనపుడు వాడుకొను డిస్కు భాగమును, క్రొత్తగా ఫార్మాటు చేసిరి. ప్రతి భాగమునకు హాల్‌టికెట్టు నంబరు వంటి యూయూఐడీ అను పొడుగాటి సంఖ్య యుండును. ఫార్మాటు చేసినంతనే ఆ సంఖ్య మారినది. మొదటి లినక్సుకు ఈ సంగతి తెలియదు. అది ప్రతిదినము పాత సంఖ్య గల స్వాపు వచ్చునని ఎదురుచూచుచున్నది: నిద్రనుండి మేలుకొను ఏర్పాటు కొరకు కెర్నెలు ఘట్టమున 30 సెకన్లు, ఎఫ్‌స్టాబ్ పట్టికలోని పంక్తి కొరకు సేవల ఘట్టమున 90 సెకన్లు. ఈ 90 సెకన్లు యంత్రపు బలహీనత కాదు. రాని డిస్కు కొరకు సిస్టమ్‌డీ ఓపిక పట్టు గడువే అంత. పదవీ విరమణ చేసిన అటెండరు వచ్చి తాళము తీయునని కళాశాల అంతయు ప్రతి ఉదయము గేటువద్ద నిలుచున్నట్లున్నది! ఎఫ్‌స్టాబులో ఆ పంక్తిని సరిచేసి, మేలుకొను ఏర్పాటులోని పాత సంఖ్యను మార్చి, కెర్నెలు వెంట తెచ్చుకొను చిన్న మూటను మరల కట్టించితిమి. మరునాడు కెర్నెలుకు 7 సెకన్లు, సేవలకు 49 సెకన్లు. 176 సెకన్ల స్థానమున 56. ఖర్చు శూన్యము. మదర్‌బోర్డు నేటికిని నిక్షేపముగా నున్నది.

అయితే నింద మోపు పట్టికను చదువుటలో నేర్పు కావలెను. విద్యార్థులు దానిలో మొదటి పేరును చూచి వెంటనే ఆ సేవను తొలగించుటకు సిద్ధపడుదురు. ఉదాహరణకు నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్ అను సేవ తరచు పట్టికలో పైన నుండును. అది నెట్‌వర్కు దొరకువరకు కాచుకొని యుండు సేవ. వైఫై మందముగా నున్న గదిలో అది సెకన్ల తరబడి నిలుచును. కాని లాగిన్ తెర దానికొరకు ఆగనిచో దానిని తొలగించినను ఒక్క సెకను కలిసిరాదు. అందరును ఒక్కసారి బయలుదేరినపుడు ఎక్కువసేపు తిరిగినవాడే గంటను ఆపినవాడని చెప్పలేము. గంటను ఆపినదెవరో చెప్పు ఆజ్ఞ వేరొకటి కలదు: సిస్టమ్‌డీ-అనలైజ్ క్రిటికల్-చైన్. ఎవరి వెనుక ఎవరు నిలిచిరో అది గొలుసుగా చూపును. ప్రతి పేరు ప్రక్కన ఎట్ గుర్తుతో అది సిద్ధమైన సమయమును, ప్లస్ గుర్తుతో దానికి పట్టిన కాలమును ఇచ్చును. పట్టికను, గొలుసును రెండింటిని పోల్చి చదివినవాడే కారణము చెప్పగలడు. వ్యాకరణమున కర్తను, క్రియను కలిపి చూడక వాక్యార్థము చెప్పలేనట్లే ఇదియు.

మిగిలిన 49 సెకన్ల సంగతి చూతము. ఇందులో అధిక భాగము హార్డు డిస్కుదే. పాత ల్యాప్‌టాపులలో సాధారణముగా నుండు డిస్కు నిమిషమునకు 5400 చుట్లు తిరుగును. అనగా ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన అక్షరము సూదిక్రిందికి వచ్చుటకు సగటున అర చుట్టు, సూది ఒక వరుస నుండి మరియొక వరుసకు జరుగుటకు మరి పది పండ్రెండు మిల్లీసెకన్లు. లెక్క వేసిన సెకనుకు 60 చోట్లకు మించి అది చేరలేదు. కంప్యూటరు మేలుకొనునపుడు వేలకొలది చిన్న ఫైళ్లు డిస్కునందు చెదరి యున్నచోట్ల నుండి తేవలెను. తిరుగు భాగములు లేని ఎస్‌ఎస్‌డీకి ఈ పరుగు లేదు. సెకనుకు వేలచోట్ల నుండి తేగలదు. రెండున్నర అంగుళముల సాటా ఎస్‌ఎస్‌డీ పాత డిస్కు స్థానముననే అమరును. దాని వెల క్రొత్త ల్యాప్‌టాపు వెలలో చిన్న భాగము. ప్రాసెసరును మార్చకయే యంత్రము మారినదా అనిపించు మార్పు ఇదొక్కటే.

డిస్కు ముసలిదగుట వేరు, చావునకు సిద్ధమగుట వేరు. డీమెసేజ్ అను ఆజ్ఞతో కెర్నెలు సందేశములను చూచినపుడు ఇన్‌పుట్ అవుట్‌పుట్ దోషమనియు, లింకును మరల కలుపుచున్నామనియు పదేపదే వచ్చినచో డిస్కు చదువలేక తడబడుచున్నదని, లేదా దాని తీగ వదులైనదని అర్థము. స్మార్ట్‌సీటీఎల్ అను ఆజ్ఞ డిస్కు తన ఆరోగ్యమును గూర్చి తానే వ్రాసికొన్న చిట్టాను చూపును. చెడిన భాగముల సంఖ్య దినదినము పెరుగుచున్నచో వేగము మాట ప్రక్కనబెట్టి ముందు ఫైళ్లను మరియొకచోట భద్రపరుపవలెను. విద్యార్థుల మార్కుల పట్టికలు అందులో నున్నవని మరువరాదు.

చిన్న యంత్రమునకు నిమిషములు సహజమని వాదించువారికి ఒక చరిత్ర చెప్పవలసియున్నది. 2008 సెప్టెంబరులో అమెరికాలోని పోర్ట్‌లాండు నగరమున జరిగిన లినక్స్ ప్లంబర్స్ సమావేశమున ఆర్యన్ వాన్ డి వెన్, ఔకే కాక్ అను ఇంటెల్ ఇంజనీర్లు ఇరువురు ఆసుస్ వారి ఈ-పీసీ అను చిన్న ల్యాప్‌టాపును 5 సెకన్లలో మేలుకొలిపి చూపిరి. అందలి ప్రాసెసరు అల్పశక్తి గల ఆటమ్. డిస్కు మాత్రము ఎస్‌ఎస్‌డీ. వారు వేగము పెంచెదమని బయలుదేరలేదు. 5 సెకన్లు మాత్రమే మన చేతిలో నున్నవని బడ్జెటు వేసిరి: కెర్నెలుకు 1, తొలి సేవలకు 1, తెరకు 1, డెస్క్‌టాపునకు 2. ఎవరి వంతు దాటినను వారిని నిలిపి అడిగిరి. బొమ్మ కనబడుటతో పని ముగిసినట్లు వారు ఒప్పుకొనలేదు. డిస్కును, ప్రాసెసరును విశ్రాంతిలోనికి వచ్చిన క్షణమునే ముగింపుగా లెక్కించిరి. మన గదిలోని డిస్కులతో 5 సెకన్లు రావు. కాని సెకన్లను బియ్యపు గింజల వలె లెక్కబెట్టు ఆ పద్ధతి మనకును చెల్లును.

మరియొకటి 2019 నాటి సంగతి. కెర్నెలులో డిస్కు పనిని తగ్గించుటకు ఒక మంచి మార్పు చేసిరి. దానివలన యంత్రములు వేగముగా మేలుకొనవలసినది పోయి, కొన్ని మేలుకొనుట మధ్యలోనే నిలిచిపోయినవి! రహస్య సంఖ్యలను తయారుచేయుటకు కెర్నెలు డిస్కు కదలికలలోని, కీబోర్డు తాకిడులలోని అనిశ్చితిని కూడబెట్టుకొనును. డిస్కు పని తగ్గగా ఆ కూడిక చాలలేదు. లాగిన్ తెరను చూపు ప్రోగ్రాము ఆ సంఖ్యల కొరకు కాచుకొని కూర్చున్నది. అట్టి నిలుపుదలలో కీబోర్డుపై నాలుగు మీటలు నొక్కిన కదలిక వచ్చును. సెప్టెంబరులో 5.3 కెర్నెలు వెలువడుటకు ముందు టోర్వాల్డ్స్ ఆ మార్పును వెనుకకు తీసికొని, 5.4లో కెర్నెలు తానే ఆ అనిశ్చితిని సమకూర్చుకొను ఏర్పాటు చేసెను. అనుభవజ్ఞులకే ఇట్టి కారణము ఊహకు అందలేదు. లెక్కలు చూచిన పిదపనే దొరికినది. మనమో చూచినంతనే ముసలిదని తీర్పు చెప్పుచున్నాము.

ఇక చిల్లర కారణములు కొన్ని. రెండు గిగాబైట్ల ర్యామ్ గల యంత్రమున గ్నోమ్ వంటి బరువైన డెస్క్‌టాపును పెట్టి, స్వాపునకు పరుగెత్తుచున్నదని నొచ్చుకొనుటకన్న ఎక్స్‌ఎఫ్‌సీఈ గాని, ఎల్‌ఎక్స్‌క్యూటీ గాని పెట్టుట మేలు. ఫ్యానులో దుమ్ము చేరి వేడియెక్కినచో ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. మే నెలలో కరీంనగరున ఇది ఎవరికిని క్రొత్త కాదు. లోపలి నాణెము వంటి బ్యాటరీ అయిపోయినచో వేసవి సెలవుల తరువాత గడియారము వెనుకటి సంవత్సరములకు పోవును, బయోసు తేదీ అడుగుచు నిలుచును. ఆ బ్యాటరీ గడియారముల దుకాణములో దొరకునదే.

అన్ని యంత్రములును బ్రతుకునని మేము చెప్పుటలేదు. 32 బిట్ల ప్రాసెసరు మాత్రమే గలవాటికి ద్వారములు మూసికొనుచున్నవి. ఉబుంటు 2017లోనే వాటికి డెస్క్‌టాపు ప్రతిని ఆపినది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలరు లేదు. తెర పగిలినవి, మదర్‌బోర్డు నిజముగా కాలినవి కూడ ఉండవచ్చును. వాటిని విడిభాగములకు ఉంచుకొని తక్కినవి అమ్ముటకు మాకు అభ్యంతరము లేదు. ఒక మాస్టారు ఒక యంత్రమునకు సాయంకాలము వెచ్చించుటకన్న క్రొత్తది కొనుటయే చౌక గదాయని కమిటీలో వ్యాపారము తెలిసిన పెద్దలు అనవచ్చును. కార్యాలయమునకు ఆ లెక్క సరిపోవునేమో. కళాశాలలో ఆ సాయంకాలము వ్యయము కాదు, పాఠము. కారణమును వెదకి పట్టుకొనిన విద్యార్థి ఆ విద్యను వెంటబెట్టుకొని పోవును. 2008లో బాసరలో రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణము వెలసినపుడు గ్రామీణ విద్యార్థుల చేతికి ల్యాప్‌టాపులిచ్చి చదువు చెప్పు పద్ధతి మన ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాకు వచ్చినది. మనకు ప్రతి చేతికి ఒకటి ఇచ్చు స్తోమతు లేదు. ఉన్నవాటిని విప్పి చూపు స్తోమతు కలదు. సిరిసిల్ల నుండి వచ్చు మన విద్యార్థులలో మరమగ్గముల మధ్య పెరిగినవారున్నారు. పోగు తెగి మగ్గము నిలిచినపుడు ఏ పోగో వెదకి ముడివేయుట వారు చిన్ననాటనే చూచిరి. ఈ పనికి వారికన్న తగినవారెవరు?

కావున కమిటీవారికి మా మనవి ఇది. అమ్మకపు తీర్మానమును ఒక టర్మువరకు ఆపుడు. ప్రతి ల్యాప్‌టాపునకు రిజిస్టరులో ఒక పుట కేటాయించి, బయోసునకు పట్టిన కాలము, కెర్నెలు కాలము, సేవల కాలము, గొలుసులో గంటను ఆపిన సేవ పేరు, డిస్కు చిట్టాలోని చెడిన భాగముల సంఖ్య, ర్యామ్ పరిమాణము వ్రాయింతము. డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థులు ఇద్దరిద్దరుగా కూర్చుండి ఈ పని చేయుదురు. పుటలు నిండిన పిదప ఎన్నింటికి ఎస్‌ఎస్‌డీ కావలెనో, ఎన్నింటికి ఏమియు అక్కరలేదో, ఎన్ని నిజముగా అమ్మవలసినవో కమిటీవారికే తెలియును. అనుమతి దొరికినచో అర్ధవార్షిక పరీక్షలు ముగిసిన వారమే ప్రారంభింపవచ్చును. కావలసినది ఒక నోటుపుస్తకము, ఒక చేతి గడియారము, రెండు సన్నని స్క్రూడ్రైవర్లు, బీరువా తాళపుచెవి.